పేరు చెక్కని పురుగు

రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల ఊళ్లో పషేదును మించిన పురుగుల పనివాడు లేడని అందరూ అనేవారు. పషేదు కూడా అనేవాడు, అందరికంటే కాస్త గట్టిగా.

ఆయన చెక్కేవి శవం గుండె మీద పెట్టే పచ్చరాతి పేడపురుగులు. పాతాళంలో గుండెను త్రాసులో పెట్టి ఈకతో తూచేటప్పుడు, అది తన యజమాని మీదే సాక్ష్యం చెప్పకుండా నోరు నొక్కే మంత్రం వాటి కడుపున ఉంటుంది. మంత్రం ముందే చెక్కి, పేరుకు చోటు వదిలి అరమీద పెట్టుకునేవాడు. చావు కబురు రాగానే పేరు చెక్కి ఇచ్చేవాడు. పేరు లేని పురుగు ఎవరిదో ఏ దేవుడికీ తెలియదు.

తనకోసం చేసుకున్న పురుగు మాత్రం ఆరేళ్లుగా పేరు లేకుండానే ఉంది. పేరు చెక్కగానే చచ్చినవాళ్లను పాతాళానికి తీసుకుపోయే నక్కమొహం దేవుడు వచ్చి తలుపు తడతాడని ఆయన భయం. ఊరందరి చావులకూ సామాను సిద్ధం చేసే మనిషి తన చావు మాటెత్తితే వణికిపోతాడని భార్య హున్రో నలుగురిలో నవ్వేది. ఇప్పుడు ముసలితనానికి నిజంగానే చేతులు వణుకుతున్నాయి. రెండు గీతలు గీస్తే మూడోది ఎటో పోతోంది. ఇంకో పురుగు చెక్కడం ఈ జన్మకు తన వల్ల కాదని ఆయనకు తెలుసు.

ఆ వేసవిలో ఇపుయ్ భార్య బాకెత్ చనిపోయింది. శవాన్ని సిద్ధం చేసే డెబ్భై రోజులు గడిచాక ఆమెను మొగుడి పక్కన పెట్టడానికి ఆ ఇంటివాళ్ల సమాధి తెరుస్తారు. ఆ కబురు వినగానే పషేదు చేతిలోని రొట్టె కింద పడింది.

ఇపుయ్, పషేదు ఒకే చాప మీద కూర్చుని పని నేర్చుకున్నవాళ్లు. ఇరవై రెండేళ్ల కిందట ఇపుయ్ పోయినప్పుడు, పషేదు పేరు చెక్కే పని రేపు మాపు అంటూ ఆఖరిదాకా నెట్టాడు. అంతిమయాత్రకు ముందురోజు హాథోర్ తల్లి పండగ వచ్చింది. ఆ తల్లి పేరు చెప్పుకుని పషేదు తొమ్మిది కుండల బీరు తాగాడు. లేచేసరికి ఏడుపులు గుమ్మం దాకా వచ్చేశాయి. పేరు చెక్కే వ్యవధి లేదు. సిరాతో రాసి, చెక్కినట్టు కనబడేలా దుమ్ము అద్ది ఇచ్చేశాడు. శవం మీద పోసే తైలానికి సిరా నిలవదని ఆయనకు తెలియక కాదు. బాకెత్ ఆ రాయిని గుండెకు హత్తుకుని, ఆయన చేతులు ముద్దు పెట్టుకుంది. అప్పటినుంచీ ఏటా, చచ్చినవాళ్లను తలుచుకునే లోయ పండక్కి బుట్టెడు అంజూరాలు పంపేది. ఆయన ఒక్క పండూ వదలకుండా తిన్నాడు. సిగ్గుపడ్డ మాట నిజమే. అంజూరాలంటే ఇష్టమన్నదీ నిజమే.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు ఓ పేడపురుగు వెనక్కాళ్లతో ఉండను తోసుకుంటూ పోతోంది. ఉదయాన సూర్యుణ్ణి ఆకాశంలోకి తోసే ఖెప్రి దేవుడిదీ ఆ రూపమే. అది పేడను సూర్యుణ్ణి చేసింది, నేను పచ్చరాయిని పేడ చేశాను, అనుకున్నాడు పషేదు. లోపలికి వెళ్లి తన పురుగును తీసి, ఉలి పట్టుకున్నాడు.

ఒక్క పేరుకు నలభై రోజులు పట్టింది. ఇన్నాళ్లకు మొగుడికి ధైర్యం వచ్చిందని హున్రో సంబరపడింది. నా పేరు కాదే, ఇపుయ్‌ది, అని ఆయన జరిగిందంతా చెప్పాడు. 

"మరి నీ గుండె మీద ఏం పెట్టమంటావయ్యా? ఉల్లిపాయా?"

"పెట్టు. నాకు అదే ఎక్కువ."

సమాధి తెరిచిన రోజు పషేదు పథకం సులువైనదే. అందరూ బాకెత్ కోసం ఏడుస్తుంటే, ఇపుయ్ పెట్టె మీద రాయి పెట్టేసి చల్లగా జారుకోవడం. మూడో మెట్టు మీదే అడుగు తప్పింది. ఇపుయ్ కూతురు హెరియా గబుక్కున చెయ్యి పట్టుకుంది. రాయి నడుము గుడ్డలోంచి జారి సరిగ్గా ఆమె కాళ్ల దగ్గరే పడింది.

హెరియా దాన్ని తీసి తిప్పి చూసింది.

"ఇది మా నాన్న పేరు కదా, బాబాయ్. మరి లోపలున్న దానిమీద?"

"సిరాతో రాశానమ్మా. తాగి పడుకుని, చెక్కలేదు."

"అంటే ఇన్నేళ్లూ మా నాన్న ఆ త్రాసు ముందు పేరు లేకుండా నిలబడ్డాడా?"

పషేదు అవునన్నట్టు తల ఊపాడు. హెరియా ఆయన వైపు చూడకుండా లోపలికెళ్లి, తండ్రి పెట్టె మీద, గుండె ఉండే చోట ఆ రాయి పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చెయ్యి ఇవ్వలేదు. పషేదు మెట్లన్నీ పాక్కుంటూ ఎక్కాడు.

ఆ ఏడు లోయ పండక్కి అంజూరాలు రాలేదు. రావని తెలిసీ ఆయన పొద్దున్నుంచి గుమ్మంలోనే కూర్చున్నాడు. హున్రో వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు త్రాసు ముందు నీ గుండె నోరు విప్పితే ఏం చేస్తావయ్యా?"

"విప్పనీ. అది చెప్పాల్సింది నేనే హెరియాతో చెప్పేశాను. ఇక దానికి కొత్తగా చెప్పేదేముంది?"

ఆ మాటకు తానే నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. చాప మీద పక్కన కూర్చుని, తన ఉలికి పదును పెట్టి ఇచ్చే ఇపుయ్ గుర్తొచ్చాడు. అబద్ధం దాచుకోవడంలో పడి, అంతిమయాత్ర నాడు స్నేహితుడి కోసం కన్నీటి చుక్క కూడా రాల్చలేదు. ఇరవై రెండేళ్లు ఆలస్యంగా, పండగపూట గుమ్మంలో కూర్చుని, పషేదు ఇపుయ్ కోసం ఏడ్చాడు.