ఏ చానల్లోనూ రాని సీరియల్

పని లేని మగాడు ఇంట్లో కూర్చుంటే గోడ మీది బల్లి కూడా గూఢచారిలా కనిపిస్తుందని మా ఆవిడ అంటుంది. అంటే అంది గానీ, నేను సరదాపడి కూర్చోలేదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని నాది. పై అరలోంచి డబ్బా తీయబోయి స్టూలు మీద నుంచి పడ్డాను. చీలమండ బెణికింది. వారం తిరిగేదాకా కాలు కింద మోపొద్దన్నాడు డాక్టరు. అలా వెనక గది కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోయాను.

మాది పై అంతస్తు. కిటికీ తెరిచి ఉంటే డాబా మీద ఆడవాళ్ళు బట్టలు తీస్తూ మాట్లాడుకునే మాటలు ముక్కలు ముక్కలుగా వినబడతాయి. ఇన్నేళ్ళూ ఆ వేళకి నేను షాపులో ఉండేవాణ్ణి కాబట్టి ఆ సంగతే నాకు తెలియదు. మొదటి రోజు మధ్యాహ్నం మా ఆవిడ గొంతు వినిపించింది.

"కంచం పక్కకి జరిపేసి, ఒక్క మాటా లేకుండా లేచిపోయాడు."

"ఛీ, ఏం మనిషి," అంది ఇంజెక్షనక్క. ఆవిడ రిటైరైన నర్సు, కింది అంతస్తులో ఉంటుంది. ఇప్పటికీ వీధిలో ఎవరికి సూది పడాలన్నా ఆవిడే. మూడో గొంతు కింది వాటా కొత్త కోడలిది. ఆ పిల్ల పెద్దగా మాట్లాడదు, అయ్యో అంటుంది.

మా ఆవిడ బట్టల బుట్టతో కిందికి రాగానే, ఎవరి గురించి అంతసేపు మాట్లాడుకున్నారని అడిగాను.

"సీరియల్ లెండి. వదినగారి టీవీ పాడైందిగా, నేను చూసి చెబుతున్నాను."

"ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నం. మీరు షాపులో ఉండే టైములో."

నమ్మాను. కానీ మర్నాడు మధ్యాహ్నం నేను షాపులో లేను, ఇంట్లోనే ఉన్నాను. టీవీ నా ఎదురుగానే ఉంది, దాని మొహం నల్లగానే ఉంది. ఆవిడ ముందు గదిలో కుట్టు మిషను తొక్కుతూ కూర్చుంది. సీరియల్ చూడవా అని కేకేస్తే, ఫోన్లో చూసేశానంది. ఆవిడ ఫోను నా పక్కన బల్ల మీద చార్జింగులో ఉంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? నాది అసలే చిన్న గీత ఉన్నా అద్దం పక్కన పడేసే బుద్ధి. అప్పటినుంచి ఇంట్లో ప్రతిదీ పట్టి చూడటం మొదలుపెట్టాను. ఆవిడ ఫోను మోగితే వంటింట్లోకి వెళ్ళి మాట్లాడుతోంది. అటక మీది సూట్‌కేసు కిందికి దిగి, మూత తెరుచుకుని ఎండలో కూర్చుంది. ఎందుకంటే, ముక్కిన వాసన వస్తోందట. ఇన్నేళ్ళ నుంచీ రాని వాసన నా కాలు బెణికిన వారమే ఎందుకొచ్చింది?

దానికి తోడు నాటకాల కంపెనీ ఒకటి గుర్తొచ్చింది. పక్క వీధి హాల్లో నెలరోజులుగా ఆడుతున్నారు. వాళ్ళ దుస్తులు చిరిగితే మా ఆవిడ చేతే కుట్టించుకున్నారు. రాజుగారి అంగీకి రాత్రికి రాత్రి కొత్త చేతులు తొడిగిందని మురిసిపోయి మాకు ముందు వరసలో రెండు కుర్చీలిచ్చారు. మొదటి సగం చూశాను, రెండో సగం నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పిలక కట్టుకున్న మేనేజరు మా ఆవిడ పక్కన వంగి ఏదో చెబుతున్నాడు. నన్ను చూసి చెప్పడం మానేశాడు. అప్పుడది నేను పట్టించుకోలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే ఆ పిలక ఒక్కటే కళ్ళముందు ఆడుతోంది.

ఉన్నమాట చెప్పాలంటే నాకు భయం పట్టుకుంది. ఈ మనిషి నన్ను వదిలి ఎక్కడికో వెళ్ళబోతోందని.

హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. కంచం జరిపేసి లేచిపోయే మొగుడున్న సీరియల్ ఏ చానల్లో వస్తోందో వెతికిపెట్టమన్నాను.

"అలాంటి మొగుళ్ళు అన్నింట్లోనూ ఉంటారు నాన్నా. మధ్యాహ్నం పూట వచ్చేవి మాత్రం లేవు. అమ్మనే అడగొచ్చుగా?"

"అడిగితే చెబుతుందేంటి?"

"నువ్వసలు ఎప్పుడైనా అడిగావా?"

పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి కాదని చెప్పి పెట్టేశాను.

మూడో రోజు ఇంజెక్షనక్క నా కాలికి కట్టు మార్చడానికి వచ్చింది. మా ఆవిడ అప్పటికే డాబా మీదికి వెళ్ళింది. ఇదే అదను అనుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అక్కా, మీరంతా చెప్పుకునే ఆ సీరియల్ కథేంటి? నాకూ పొద్దుపోవట్లేదు."

"నువ్వు వినలేదా? మీ ఆవిడ చెబుతుంటే చూసినట్టే ఉంటుంది తమ్ముడూ. తాళాలు బాగుచేసే ఆయన ఒకాయన. మంచివాడే, తాగుడూ తిరుగుడూ లేవు. ఆయన భార్య చేతి వంట అమృతం. ఊరూరా తిరిగి విందులు చేసే కంపెనీ ఒకటి, ఆర్నెల్లు మాతో వచ్చి వంటశాల చూసుకోమని ఆవిణ్ణి అడిగింది. ఆర్నెల్లయ్యాక ఇంటికొచ్చేయొచ్చు."

"ఆవిడకి వెళ్ళాలనుందా?"

"ఉండదా మరి? ఊహ తెలిశాక మొదటిసారి ఎవరో 'నువ్వు లేకపోతే మాకు గడవదమ్మా' అన్నారు. కానీ వాళ్ళు బయల్దేరే రోజు ముంచుకొచ్చేసింది, ఈవిడేమో మొగుడికి చెప్పలేక చస్తోంది. నువ్వు చెప్పు, ఆవిడ వెళ్ళాలా వద్దా?"

అడగడమే ఆలస్యం, నేను న్యాయమూర్తినైపోయాను. "ఇందులో ఆలోచించడానికేముందక్కా? ఆ వయసులో ఊళ్ళు పట్టుకు తిరగడమేంటి? ఇంటి పట్టున ఉండి చేసుకునే పని చాలదా? నేనైతే గుమ్మం దాటనివ్వను."

"మీరంతా ఒకే తాను ముక్కలు," అంటూ ఇంజెక్షనక్క కట్టు బిగించింది. "అసలాయన వద్దని కూడా అనడు, అదీ తమాషా. ఆవిడ మాట మొదలెట్టగానే జేబులోంచి గుడ్డ తీసి తాళం తుడుస్తాడు. తుడిచిందే తుడుస్తాడు. అది చూసి ఆవిడ నోటి దాకా వచ్చిన మాట మింగేస్తుంది."

నా ఒక చేతిలో కళ్ళజోడుంది, ఇంకో చేతిలో గుడ్డ ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రెండూ దుప్పటి కిందికి తోసేశాను. అక్క చూడలేదు. సూట్‌కేసూ, ఫోన్లూ, పిలకా అన్నీ ఒక్కసారిగా వరసలోకొచ్చాయి. వంటశాల అంటే నాటకాల వాళ్ళ దుస్తుల గది. కంచం జరిపి లేచిపోయినవాణ్ణి నేనే. నేను స్టూలు మీంచి పడటానికి ముందు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ "మీతో ఒక మాట" అనబోతే ఆవులిస్తూ లేచిపోయాను. అది టీవీలోది కాదు, మా ఇంటిది.

అక్క లేచి వెళ్ళిపోతోంది. నేనన్న మాట పైన చెప్పొద్దని ఆపాలనుకున్నాను. ఎందుకు చెప్పకూడదని అడిగితే ఏం చెప్పను? కాసేపటికి కిటికీలోంచి వినిపించింది.

"మీ ఆయన్ని కూడా అడిగానమ్మాయ్. గుమ్మం దాటనివ్వనంటున్నాడు."

మా ఆవిడ ఏమంటుందోనని చెవులు రిక్కించాను. ఏమీ అనలేదు. కొత్త కోడలు కూడా అయ్యో అనలేదు.

ఆ సాయంత్రం టీవీలో ఏదో నవ్వుల కార్యక్రమం వస్తోంది. ఆవిడ ఒళ్ళో ఫోను పెట్టుకుని నా పక్కన కూర్చుంది, నవ్వాల్సిన చోట నవ్వలేదు. నేనూ నవ్వలేదు. చెప్పేద్దామని మనసు కొట్టుకుంటోంది. చెబితే చాటుగా విన్నానని తెలిసిపోతుంది. అది చిన్న భయం. పెద్ద భయం వేరే ఉంది. వెళ్ళు అంటే ఆవిడ నిజంగానే వెళ్ళిపోతుంది. అక్కడ రాజులకీ రాణులకీ అంగీలు కుట్టి, పదిమంది మెచ్చుకోగా, ఆర్నెల్ల తర్వాత ఈ కుట్టు మిషను దగ్గరికీ నా దగ్గరికీ తిరిగి రావాలనిపిస్తుందా? ఏమో. నాకు నమ్మకం లేకపోయింది.

ఆవిడే కదిపింది. "వదినగారు మిమ్మల్ని సీరియల్ గురించి అడిగారటగా?"

"ఆఁ, ఏదో కాలక్షేపానికి."

"మీరు చెప్పింది మనసులో మాటేనా?"

నా వైపు చూడకుండా టీవీని చూస్తూ అడిగింది. ఇంతకన్నా సూటిగా ఆ మనిషి నన్ను ఎన్నడూ ఏదీ అడగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అంతా తెలిసీ నవ్వాను.

"సీరియల్‌కి మనసులో మాటేంటే? ఆ తాళాలాయనకి లేని బాధ నీకెందుకు?"

"అవునులెండి," అంది. లేచి లైటు వేసి వంటింట్లోకి వెళ్ళింది. ఎవరితోనో ఫోన్లో రెండే రెండు మాటలు మాట్లాడి, బియ్యం కడిగింది. ఆ పూట గండం గడిచిందనుకున్నాను. సిగ్గులేకుండా కడుపునిండా తిన్నాను కూడా.

మర్నాడు బట్టలు తీసే వేళకి కిటికీకి చెవి ఆనించే ఉన్నాను.

"అయిపోయింది వదినగారూ. నిన్నటితో ఆఖరు."

"అదేంటి? ఆవిడ వెళ్ళిందా?"

"లేదు. ఉండిపోయింది."

"ఇదేం ముగింపు ఆంటీ?" అంది కొత్త కోడలు. ఆ పిల్ల అంత పెద్ద మాట మాట్లాడగా వినడం అదే మొదలు. "ఇన్నాళ్ళూ ఊరించి?"

"ఆయన్ని అడిగి చూసిందమ్మా. అంతే."

డాక్టరు మాట గాలికొదిలేసి, గోడ పట్టుకుని, ఒంటికాలితో మెట్లెక్కాను. డాబా మీదికి చేరేసరికి కాలు సలుపుతోంది, రొప్పు ఆగడం లేదు. ముగ్గురూ నన్ను చూసి ఆగిపోయారు.

"ముగింపు నాకూ నచ్చలేదు," అన్నాను. "ఆవిణ్ణి వెళ్ళమను. ఆర్నెల్లేగా. తాళాలాయన వండుకు తింటాడు. చేతకాకపోతే నేర్చుకుంటాడు."

"నిన్నొక మాటా ఇవాళొక మాటానా తమ్ముడూ?" అని ఇంజెక్షనక్క నవ్వబోయి, మా ఆవిడ మొహం చూసింది, తర్వాత నా మొహం చూసింది. అక్క చేతిలోని దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది.

మా ఆవిడ తీగ మీది నా చొక్కా తీసి దులిపింది. "ఎక్కడికి వెళ్తుంది? రానని చెప్పేశాక వాళ్ళు వేరే మనిషిని తీసుకున్నారు. పొద్దున్నే సామానెత్తుకుని వెళ్ళిపోయారు."

చొక్కా మడిచి బుట్టలో పెట్టాక నా వైపు తిరిగింది.

"ఆ తాళాలాయన మీరేనని మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే, మెట్లెక్కుతుంటే తట్టిందని అంటే ఆవిడ నమ్మేది. కానీ అప్పటికే నిజం నోరు జారింది.

"నిన్న. అక్క కట్టు మారుస్తున్నప్పుడు."

"మధ్యాహ్నం అన్నమాట."

"మధ్యాహ్నమే."

ఆవిడ బుట్ట చంకనెత్తుకుంది.

"నేను మిమ్మల్ని అడిగింది సాయంత్రం," అంది.