లద్ది చల్లిన గడ్డి

గుర్రానికి మందు పట్టించడం నా వల్ల కాదని మొదటి రోజే అర్థమైంది. బర్రె దూడకు పట్టినట్టు వెదురు గొట్టంతో పోద్దామంటే తల పైకెత్తేస్తుంది, నా రవికంతా బెల్లం నీళ్లు. అందుకే మోదుగ గింజల పొడిని బెల్లంలో దంచి, ఉండలు కట్టి, సీతాఫలం నాలుక మీద ఒక్కొక్కటి పెట్టి, మింగేదాకా దాని గడ్డం పట్టుకొని నిలబడేదాన్ని. ఊసిందంటే తిట్టేదాన్ని. తిట్టి మళ్లీ పెట్టేదాన్ని.

సీతాఫలం అంటే మా పొట్టి గుర్రం. శామీర్‌పేట చెరువు దగ్గర పిల్లల్ని ఎక్కించుకొని తిరిగీ తిరిగీ కాళ్లు పడిపోతే, దాని యజమాని రోడ్డు పక్కన వదిలేసి పోయాడు. సీతాఫలాల కాలంలో దొరికిందని ఆ పేరు పెట్టాను. సికింద్రాబాద్‌లో ఉండే మనీషా మేడం దాన్ని తెచ్చి, దేవరయాంజాల్ దగ్గర తనకున్న మెట్ట చెలకలో షెడ్డు వేయించి, నన్నూ నా మొగుడు పర్వతాలునూ కాపలా పెట్టింది. తర్వాత మరో మూడు వచ్చాయి. పెళ్లి బారాత్‌లలో వీపులు పుండ్లు పడ్డవి. మేము ముప్పై ఏళ్లు బర్రెల్ని సాకినవాళ్లం. గుర్రమైతే మాత్రం ఏం, నాలుగు కాళ్ల జీవమే కదా అనుకున్నాను.

అది 2004. శ్రావణం వచ్చినా వాన జాడ లేదు. చుట్టూ చెలకలన్నీ ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి. మా బోరులో వేలు లావు నీళ్లు వచ్చేవి. ఆ నీళ్లతోనే షెడ్డు ముందు అర ఎకరం గడ్డి పచ్చగా పెంచాను. కీసర బస్సులో పోయేవాళ్లు కూడా కిటికీలోంచి మెడలు తిప్పి చూసేవాళ్లు. నాకు గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

ఆ ఏడు ఎండల్లోనే సీతాఫలం లద్దిలో సన్నని ఎర్ర పురుగులు కనిపించాయి, దారపు పోగుల్లా కదులుతూ. మనీషా మేడం సీసాల మందులు వద్దంది, చెట్ల మందులే చెయ్యమంది. ఆ మాట నాకు పాయసం తాగినట్టయింది. మోదుగ గింజలతో నేను బతికించిన దూడలు ఎన్నో. గింజలు నానబెట్టి, పొట్టు తీసి, నీడన ఆరబెట్టి పొడి కొట్టాను. మూడు రోజులు తినిపించాక పురుగులు పడిపోయాయి. గుర్రం చెవులు నిక్కబొడుచుకొని తిరిగింది. నేను మేడంకు ఫోన్ చేయించి మరీ చెప్పుకున్నాను.

నెల తిరగకుండా మళ్లీ పురుగులు. మళ్లీ మోదుగ ఉండలు. మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. వాము కలిపాను, వేపాకు రసం పోశాను, గుమ్మడి గింజలు నూరాను. కడుపు ఉబ్బుతోంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఉతికిన గుడ్డలా తెల్లగా ఉన్నాయి.

"గంత బక్కదానికి గన్ని ఉండలేందే? మందుతోనే సంపుతవు," అన్నాడు పర్వతాలు.

"నేను దాన్ని సావనియ్య. నువ్వు నీళ్లు మోసుకురా, సాలు," అన్నాను.

అన్నానే గానీ భయం పట్టుకుంది. అన్నం ముందు కూర్చుంటే దాని మొహమే కనిపించేది. బతికించలేకపోతే ఈ చేతులెందుకు అని ఏడ్చాను.

ఒక పొద్దున సీతాఫలం పడుకున్నది పడుకున్నట్టే ఉంది, లేవలేదు. ఇగ మేడం మాట పక్కన పెట్టి, మేడ్చల్ పశువుల దవాఖాన కాంపౌండర్ ఏలియాను తీసుకురమ్మని పర్వతాలును సైకిల్ మీద తరిమాను. కాలు నిలవక, రోజూ చేసే పని మొదలుపెట్టాను. రాత్రి పడిన లద్దిని గంపకెత్తి గడ్డి మీద విరజిమ్మడం. గుర్రపు లద్ది పిడకకు రాదు. పారేయడానికి నాకు చెయ్యి రాదు. పేడను పారేసే ఇంట్లో నేను పుట్టలేదు. దాని బలంతోనే కదా ఆ గడ్డి అంత పచ్చగా ఉంది.

ఏలియా వచ్చి బండి దిగి, గుర్రాన్ని కూడా చూడకుండా నా గంపనే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవక్కా?"

"ఎరువు సల్లుతున్న సారూ."

"రోజు సల్లుతవా?"

"రోజు. రెండేండ్ల సంది."

"గుర్రాలు లద్ది యాడ ఏస్తయో సూసినవా?"

చూశాను. మొదట్లో నాలుగూ ఒకే మూలకు పోయి వేసేవి. ఆ మూల గడ్డిని మాత్రం ముట్టేవి కావు. మంచి గడ్డి వదిలేస్తాయేందని వాటి నఖరాలకు, గారాలకు నేను విసుక్కున్నాను. ఆ మూల లద్దిని ఎత్తి చేనంతా సమానంగా చల్లాను. అదే చెప్పాను.

"లద్దిలో గుడ్లుంటయక్కా. తడికి పిల్లలై, పొద్దుగాల మంచుకు గడ్డి కొసలకెక్కుతయి. గందుకే అవి ఆ మూలకు మేసుడు ఇడిసిపెట్టినయి. నువ్వు అంతట సల్లినవు. ఇగ అవి యాడ మెయ్యాలె?"

"మరి నా మందు?"

"మందు మంచిదే. నువ్వు మందుతోని తీసేసిన పురుగులనే, మళ్ల గడ్డిల పెట్టి తినిపిస్తున్నవు."

గంప నా చేతిలోంచి జారింది. జీవితమంతా బర్రెల మధ్య బతికి, గుర్రానికి తెలిసినంత కూడా నాకు తెలియలేదు. పైగా దాన్నే తిట్టాను.

ఏలియా మిగిలిన మూడింటికీ మందు పట్టించాడు. లద్దిని పూటపూటకూ ఎత్తి, దూరంగా గుంటలో వేసి కప్పమన్నాడు. వానలు పడి మళ్లీ ఎండ కాసేదాకా ఆ గడ్డిలోకి గుర్రాల్ని పోనివ్వొద్దన్నాడు. సైకిల్ మీద వెనకే వచ్చిన పర్వతాలు, గడ్డి చుట్టూ కంచె వేయడానికి అప్పుడే ముళ్లకంప కొట్టడానికి పోయాడు. సీతాఫలం దగ్గర మాత్రం ఏలియా చాలాసేపు కూర్చున్నాడు. కళ్లు చూశాడు, కడుపు మీద చెవి పెట్టాడు.

"దీని లోపలంత తినేసినయక్కా. పొద్దుగూకేదాక గూడ ఉండదు."

"నా కొంగు సాపి అడుగుతున్న. ఏదన్న సెయ్యి సారూ."

"బాధ లేకుంట సూది ఇచ్చిన. ఏమన్న తింటదేమో పెట్టు."

నానబెట్టిన శనగలు పెట్టాను. ముట్టలేదు. ఎండుగడ్డి పెట్టాను. వాసన చూసి మొహం తిప్పింది. బెల్లం కూడా వద్దంది, నా చేతి బెల్లం అంటే దానికి మందే. మెడ కొంచెం ఎత్తి, కంప వేస్తున్న వైపు, ఆ పచ్చగడ్డినే చూసింది. ముక్కుపుటాలు కదిలాయి.

నేను ఏలియా వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. వద్దనలేదు.

కొడవలి తీసుకొని పోయి, కంప దాటి, మంచి లేతగా ఉన్నచోట పిడికెడు కోశాను. నేను పెంచిన గడ్డి. తెచ్చి నోటి దగ్గర పెట్టాను. చాలా రోజుల తర్వాత సీతాఫలం ఇష్టంగా తిన్నది, మెల్లగా, కళ్లు మూసుకొని. అయిపోయాక నా అరచెయ్యి నాకి, ఇంకా కావాలని ముక్కుతో పొడిచింది.

మళ్లీ లేచి గడ్డి కోయడానికి పోయాను.