వాన తగలని రేకు

అల్లవరం అవతల, సముద్రానికి దగ్గర్లో, రొయ్యల మేత దాచుకునే షెడ్డుకి సూర్యప్రకాశరావు 1998లో నీలం రంగు రేకులు అమ్మాడు. పదేళ్లదాకా తుప్పు మాటే ఉండదని మాటిచ్చాడు. ఆరో ఏట షెడ్డు యజమాని సింహాద్రి అమలాపురంలో ఉన్న అతని ఇనుప కొట్టుకి వచ్చి, రేకులు తుప్పు పట్టాయని నలుగురి ముందూ చెప్పి వెళ్లాడు.

సూర్యప్రకాశరావు లెక్క వేసుకున్నాడు. తప్పు రేకుదే అయితే కప్పంతా మార్చాలి. అది భరించవచ్చు. కానీ ఆ ఒడ్డున ఇంకెవరూ తన మాట నమ్మరు. మాట పోయాక కొట్టులో మిగిలేది ఇనుమే.

మర్నాడు మోపెడ్ మీద వెళ్లి చూశాడు. ఎండా వానా తినే కప్పు నిగనిగలాడుతోంది. పక్కనున్న తాటాకింటి చూరు కిందికి దూర్చిన రెండు మూరల మేర మాత్రం రంగు పొక్కులు లేచి, గోటితో గీరితే పెచ్చులూడుతోంది.

"మంచివి పైకీ, నాసివి చాటుకీ వేసేరేంటండీ రావుగారూ?" అన్నాడు సింహాద్రి.

సూర్యప్రకాశరావు నిచ్చెనెక్కాడు. రేకు ఒకటే. సగం ఆరుబయట, కొస చూరు కింద. తడి తగలని చోట తుప్పెలా వచ్చింది? ఇరవై ఏళ్ల వ్యాపారంలో అతనికి ఎదురుకాని ప్రశ్న ఇది. చూరు కింద వేలితో రాశాడు. జిడ్డుగా తగిలింది. నాలుకకి ఆనించుకున్నాడు. ఉప్పు. బయటి సగం మీదా రాసి చూశాడు. ఏ రుచీ లేదు.

సముద్రపు గాలి రెండుచోట్లా ఉప్పు చల్లుతోంది. బయటిది వాన కడిగేస్తోంది. చూరు కిందిది ఆరేళ్లుగా పేరుకుని, రాత్రి చెమ్మకి నాని, రంగు కింద ఉన్న జింకు పూతని తినేసింది.

కిందికి దిగి అదే చెప్పాడు. సింహాద్రి భార్య వరహాలమ్మ నవ్వింది. వేట నుంచి బోటు రాగానే మోటారుని మంచినీళ్లతో కడిగే మనిషి ఆవిడ.

"మోటారుకి పోసేం గానీ దీనికి పొయ్యలేదండీ. తప్పు మాదే."

అక్కడితో చేతులు దులుపుకోవచ్చు. కానీ రేకుల కొసలు చూరు కిందికి దూర్చమన్నదీ, నీడపట్టున ఉంటే ఇంకో పదేళ్లు ఎక్కువ ఆగుతాయన్నదీ తానే.

"మీది కాదమ్మా, నాదే. తెలీని సంగతి తెలిసినట్టు చెప్పేను. చెడిన రేకులు మార్చి ఇస్తాను. చూరు మాత్రం కోయించండి. లేదంటే నెలకోసారి మీరే కడగాలి."

సింహాద్రి తలెత్తి చూరు వైపు చూశాడు.

"ఆయ్, కోయించేస్తానండి. రెండో చెరువు దగ్గర కూడా షెడ్డు వేద్దామనుకుంటున్నాను. ఎక్కడ వెయ్యాలో మీరే వచ్చి చెప్పండి."

చెరువు గట్టెక్కాక సూర్యప్రకాశరావు టేపు తియ్యలేదు. ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూస్తూ నిలబడ్డాడు.