సగం పాఠం

కాగితం మీద అది మూడు రోజుల శిక్షణ. వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలులో మూడు గంటల్లో అయిపోతోంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అంబులెన్సుల్లో రోగిని చూసుకునే సిబ్బంది నలభై మంది వచ్చారు. సగం మంది డ్యూటీ దిగి నేరుగా వచ్చి కునుకుతున్నారు. వీళ్లకు కొత్త వైద్యం నేర్పాలని నియమం ఉంది. పైవాళ్లకు నేర్పడం అక్కర్లేదు, నేర్పినట్టు సంతకాలు కావాలి.

"పాము కాటు. కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితోని పీల్చొద్దు. కాలు కదలకుండ చెక్క పెట్టి దవాఖానకు తేవాలె. అయిపాయె. ఇగ గుండెపోటు," అన్నాడు శిక్షణ ఇస్తున్న రంజిత్.

మూడో వరుసలోంచి రేఖ లేచింది. తిమ్మాజిపేట మనిషి. తొమ్మిదేళ్లుగా అంబులెన్సులో ఉంది.

"సార్, మనం పోయేటాళ్లకే ఇంటోళ్లు కట్టు కట్టి ఉంటే?"

"ఇప్పెయ్యాలె. ముడి రాకుంటే పండ్లతోని లాగాలె," అని వెనకనుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు.

"నేను ఇప్పిన," అంది రేఖ. "మనిషి సచ్చిపోయిండు."

నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గర సంతకాల కాగితాలు పట్టుకున్న సూపర్‌వైజర్ మహేందర్ గబగబా వచ్చాడు.

"రేఖమ్మా, కూసో. అన్నం సల్లారుతుంది. గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఏడాది సంది ఇదే మాటంటున్నవ్ సార్. ఎప్పుడు చెప్పమంటవ్ మరి?"

ఆమె చెప్పింది. ఏడాది కింద, అలంపూర్ దిక్కు, విత్తనాల కోసం పెంచే పత్తి చేను. కాటు పడ్డ మనిషి పేరు మద్దిలేటి. భార్య జమ్ములమ్మ చీర అంచు చించి మోకాలి కింద బిగించింది. ఎంత బిగువంటే పాదం నీలమెక్కింది. బండి ఎక్కించేదాకా మద్దిలేటి మాట్లాడుతూనే ఉన్నాడు, ఎద్దులను ఇంటికి తోలమని భార్యకు చెప్పాడు కూడా. అంతకు ఆరు నెలల ముందు ఇలాంటి క్లాసులోనే రేఖ ఒక్క ముక్క విన్నది: కట్టు తప్పు. తప్పయితే తీసెయ్యాలి కదా? బండి కదలగానే కత్తెరతో కోసేసింది. కాసేపటికి అతని రెప్పలు వాలిపోయాయి. మాట ముద్దయింది. తర్వాత ఊపిరి ఆగింది. మాస్కు పెట్టి ఊపిరి అందించే బ్యాగు ఒత్తుతూనే ఉంది, చేతులు పడిపోయేదాకా. దవాఖాన గేటు రాకముందే అతను పోయాడు.

"డాక్టర్ అడిగిండు, కట్టు ఎవరు తీసిండ్రని. బిగువు కట్టును దార్ల ఒక్కసారి ఇప్పొద్దంట. ఆగిన విషం ఒక్కసారి మీదికొస్తదంట. నాకు ఎవరు చెప్పిండ్రు సార్? మీరు చెప్పిండ్రా?"

"ఇంక్వైరీ అయితది," అన్నాడు మహేందర్ గొంతు తగ్గించి. "కాంట్రాక్టు నౌకరి నీది. రేపటి సంది ఇంట్ల కూసుంటవ్."

"కూసుంట. గని ఈ నలభై మంది సాయంత్రానికి బండ్లెక్కుతరు. ఒక్కరన్న కత్తెర తీయరా?"

రంజిత్ ముందున్న పుస్తకం వైపు చూశాడు. పేజీ తిప్పాడు. అతని ముఖం మాడిపోయింది.

"ఉంది మేడం. ఇందుల రాసి ఉంది. టైం లేదని దాటేసిన."

రాసి ఉంది! నాలుగంటే నాలుగు వరుసలు. అతను నిలబడి చదివాడు. బిగువు కట్టు కనబడితే దారిలో విప్పొద్దు. కాలు కదలనివ్వకుండా తీసుకుపోవాలి. ముందే దవాఖానకు ఫోన్ చెయ్యాలి. విషానికి మందు, ఊపిరి పోసే సామాను దగ్గరుండగా డాక్టరే విప్పాలి. కునికేవాళ్లు నిటారుగా కూర్చున్నారు. మళ్లీ చదవమన్నారు. అన్నం నిజంగానే చల్లారిపోయింది. మూడు రోజులకు సంతకం పెట్టమంటే ఒక్కరూ పెట్టలేదు. "మిగిలిన రెండు రోజులు నేర్పుండ్రి, పెడ్తం," అన్నారు.

మహేందర్ ఫోన్ పట్టుకుని బయటికి పోయాడు. రేఖ ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఇంక్వైరీ కోసం జరిగిందంతా రాసి, కింద పేరు రాసింది.

మర్నాడు పొద్దున ఆమె అలంపూర్ బస్సెక్కింది. జమ్ములమ్మ ఇంటి ముందు ఒంటరిగా పప్పులు చెరుగుతోంది. పెనిమిటికి కట్టు కట్టి చంపుకున్న చెయ్యి అని అత్తతో సహా ఊరి ఆడవాళ్లంతా అనడంతో, పత్తి పూలకు పుప్పొడి అద్ది కలిపే పనికి ఏడాదిగా ఎవరూ పిలవలేదు.

రేఖ నిలబడే మొత్తం చెప్పింది. చేట ఆగింది.

"నువ్వు ఇప్పకుంటే బతుకుతుండెనా?"

"తెల్వదక్కా. ఒట్టు, తెల్వదు. గని నీ కట్టు ఉన్నంతసేపు మాట్లాడిండు."

జమ్ములమ్మ చేటతోనే లేచి నిలబడింది.

"ఏడాది సంది నోట్ల మన్ను పెట్టుకున్నవా?"

"నౌకరి పోతదని భయపడ్డనక్కా," అంది రేఖ.

"నాకొక్కదానికి చెప్తే ఏమొస్తది? మా అత్త చేన్ల ఉంది. ఆడోళ్లందరు ఆడనే ఉన్నరు. నడువు. ఆడ చెప్పు."

చేట గోడకు ఆనించి జమ్ములమ్మ ముందు నడిచింది. రేఖ వెనకే పోయింది. చేలో పూలు కలుపుతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తలెత్తి చూశారు.