తప్పెంత?

జ్యోత్స్నకు సీటొచ్చిందంటే ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు.

మిర్యాలగూడలో బీఎస్సీ ముగించిన ఆ పిల్లకు హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కొత్త కోర్సులో చోటిచ్చింది. మూడేళ్లలో రెండు ఎమ్మెస్సీలు, గణితంలో ఒకటి, భౌతికశాస్త్రంలో ఒకటి. కష్టమనుకుంటే ఏదో ఒకటే తీసుకోవచ్చు. ఆ వెసులుబాటే కొంపకు నిప్పు పెట్టింది.

తండ్రి దానియేలు పాలకీడు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాడు. అన్నం ముందు కూర్చుని కూతురి మొహం చూడకుండానే అన్నాడు. "ఫిజిక్స్ తీస్కో. మ్యాథ్స్ ఎందుకు నీకు? మీ మామ లెక్క బలుపు జేయనీకా?"

"నాకు రెండూ కావాలె డాడీ."

"వాని సబ్జెక్టుల డిగ్రీ దెచ్చి నా గోడకు తగిలేస్తవా? తగిలియ్యి. నేను ఇంట్ల ఉండ."

ఆ మామ సాగర్, తల్లి సారమ్మకు తమ్ముడు. కోదాడలో ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ చెప్తాడు. ఒకప్పుడు బావా బావమరుదులిద్దరూ సూర్యాపేటలో ఒకే కోచింగ్ సెంటర్లో పనిచేశారు. ఒకరోజు దానియేలు లోలకం సూత్రం బోర్డు మీద రాబడుతూ సైన్ తీటా ఉండాల్సిన చోట ఉత్త తీటా, అంటే కోణాన్నే, రాశాడు. కోణం చిన్నదైతే రెండూ దాదాపు ఒకటేనని ప్రతి ఫిజిక్స్ సారూ చెప్పేదే. గుమ్మంలో నిలబడి చూస్తున్న సాగర్ లోపలికొచ్చి, డస్టర్‌తో ఆ వరస తుడిచి, పక్కన 'తప్పు' అని రాసిపోయాడు. పిల్లలు గొల్లున నవ్వారు. అది తప్పెందుకు కాదో దానియేలు చెప్పలేకపోయాడు. మరునాటి నుంచి ఆ సెంటర్ గడప తొక్కలేదు, బావమరిది ఇంటి గడపా తొక్కలేదు.

తండ్రి చెయ్యి కడుక్కుని వెళ్లాక సారమ్మ గిన్నెలు సర్దుతూ అడిగింది. "వాళ్లిద్దర్ని కలుపుదామని రెండూ పట్టుకుంటున్నవా? గట్లయితే మానుకో. వాళ్లు కలువరు. నడుమ నువ్వు నలుగుతవ్."

"గందుకు కాదమ్మా."

అంది గానీ ఆ మాట జ్యోత్స్నకు ముల్లులా దిగింది. కాలేజీలో ఫిజిక్స్ మేడమ్‌ను "ఈ వరస ఎట్లా వచ్చింది?" అని అడిగితే "అది మ్యాథ్స్ వాళ్ల పని, పో" అనేది. మ్యాథ్స్ సారును "ఈ సమీకరణం ఎక్కడిది?" అంటే "అది ఫిజిక్స్ వాళ్ల గొడవ, మనకెందుకు" అనేవాడు. రెండు గదుల మధ్య వరండాలో మూడేళ్లు తిరిగి తిరిగి, ఒక గదిలోనే కూర్చుంటే తనకు సగమే తెలుస్తుందని పట్టుదల పుట్టింది. అయినా తల్లి అన్నదీ నిజమేనేమో. ఇంట్లో కొట్లాట చూడలేకే ఇంత పెద్ద బరువు నెత్తికెత్తుకుంటోందేమో.

వాళ్లు కలుస్తారో లేదో మామతో ఒక్కసారి మాట్లాడితే తేలిపోతుందని కోదాడ బస్సెక్కింది. వెళ్లేసరికి సాగర్ క్లాసులో ఉన్నాడు. మేనకోడల్ని చూసి లోపలికి రమ్మని సైగ చేశాడు.

"ఇదిగో, మా మేనకోడలు. రెండు ఎమ్మెస్సీలు ఒకేసారి చేస్తుందంట," అని పిల్లలకు చెప్పి, నవ్వుతూ చాక్‌పీస్ చేతికిచ్చాడు. "ఏదీ, లోలకం లెక్క చెయ్యమ్మా. చూద్దాం."

ఎందుకు ఆ లెక్కే అడిగాడో జ్యోత్స్నకు తెలుసు. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకుంది. కానీ చెయ్యి అప్పటికే రాస్తోంది. సైన్ తీటా చోట తీటా రాసింది.

సాగర్ డస్టర్ తీసి ఆ వరస తుడిచేశాడు. "తప్పు. తండ్రి పోలికే."

ముందు బెంచీల్లో నవ్వులు.

జ్యోత్స్న తుడిచిన చోటే మళ్లీ అదే వరస రాసింది. "తప్పు గాదు మామా. తప్పెంతనో చెప్పాలె, గంతే." తీటాకూ సైన్ తీటాకూ మధ్య తేడా, తీటా ఘనంలో ఆరో వంతును మించదని నాలుగు వరసల్లో నిరూపించి కింద గీత గీసింది. "కోణం రేడియన్‌ల పదో వంతు దాటకుంటే తేడా రేడియన్‌ల ఆరువేలల్ల ఒక వంతే. నీ కోణమానినిల గంత తేడా కనవడ్తదా?"

ఈసారి వెనక బెంచీలు నవ్వాయి. సాగర్ మొహం కందగడ్డయింది. ఆమెను వరండాలోకి పిలిచి పళ్లు బిగించాడు.

"ఇది నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసే ఆ రోజు డాడీని అట్లా చేసినవా?"

"ఆయన చెప్పగలిగితే చెప్పేవాడుగా! ఎందుకు రాస్తున్నాడో తెలియకుండా రాసేవాడికి క్లాసెందుకు? వెళ్లు. ఏదో ఒకటి వదిలేసి నువ్వే వస్తావు, చూస్తుంటా."

ఇంటికొచ్చి జరిగింది చెప్తే దానియేలు కుర్చీలోంచి లేచాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ మొహంలో వెలుగు. "మొఖం ఎట్ల వెట్టిండు? పిల్లలందరు చూసిన్రా? మల్ల చెప్పు!"

జ్యోత్స్న మళ్లీ చెప్పలేదు. "గా నాలుగు వరసలు ఆ రోజు నువ్వెందుకు రాయలే డాడీ?"

ఆ వెలుగు ఆరిపోయింది. "నాకు మా సారు గట్లనే చెప్పిండు. నేను గట్లనే చెప్పిన."

"ఎందుకని ఎన్నడూ అడుగలేదా?"

"నాకే పాఠం చెప్ప వచ్చినవా?" దానియేలు గొంతు ఇల్లంతా మోగింది. "మీ మామ నోరే నీకొచ్చింది. పో, గాడికే పో!" బండి తాళాలు లాక్కుని బయటికి వెళ్లిపోయాడు.

జ్యోత్స్న గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. ఒకడు తెలిసి కూడా తెలియనట్టు చేశాడు, ఇంకొకడు తెలియక మూగబోయి దాన్ని ద్వేషంగా పెంచుకున్నాడు. వాళ్లను ఏ డిగ్రీ కలపదు. ఆ సంగతి తేలిపోయాక ఆమె తన మనసులోకి చూసుకుంది. కలపాలన్న ఆశ పోయినా రెండూ కావాలన్న కోరిక చెక్కుచెదరలేదు. అవమానం మధ్యలోనూ బోర్డు ముందు ఆ నాలుగు వరసలు రాస్తున్నప్పుడు కలిగిన సంతోషం ఇంకెవరిదీ కాదు. తనదే.

కళ్లు తుడుచుకుని ఫోన్ తీసి, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో రెండు డిగ్రీలకూ ఒప్పుకుంటున్నట్టు నొక్కింది.

"అమ్మా, రెండూ తీస్కున్న."

"సరే," అంది సారమ్మ. "ఇగ రెండు దిక్కులా తిట్లు నీకే. నా తాన ఏడ్వకు."

బస్సెక్కించడానికి సూర్యాపేట దాకా సారమ్మే వచ్చింది. దానియేలు రాలేదు. సాగర్ ఫోన్ కూడా చేయలేదు.

మొదటి సెమిస్టర్ కష్టంగానే గడిచింది. ల్యాబు, మ్యాథ్స్ క్లాసు ఒకే వేళకు పడేవి. ఒకటి వదులుకొమ్మని రెండు డిపార్ట్‌మెంట్ల వాళ్లూ చెప్పారు. ఆమె వదల్లేదు. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు.

సెలవులకు ఇంటికొస్తే దానియేలు పేపర్ వెనక నుంచి అడిగాడు. "ఫిజిక్స్‌ల ఎంతొచ్చినయ్?"

"ఫిజిక్స్‌ల అరవై ఒకటి. మ్యాథ్స్‌ల యాభై ఎనిమిది."

"మ్యాథ్స్ నేనడుగలే."

"నేను చెప్పిన," అని జ్యోత్స్న చెప్పులు విడిచి లోపలికి నడిచింది.