తారీఖు వెనక్కి వెళ్ళిన పెట్టె

అయినా ఆ గుండీ అంత బ్యాటరీని తీసి తుడవమని నాకెవరు చెప్పారు, ఆయుధ పూజకి కంప్యూటర్ పెట్టె మీద దుమ్ము దులిపి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది, మా డీటీపీ సెంటర్‌కి అన్నం పెట్టే తల్లి కదా అని డబ్బా విప్పి, ఊడొచ్చినదల్లా తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాను, దసరా మర్నాడు ఆన్ చేస్తే విండోస్ గుర్తు అలా వచ్చి ఇలా నీలం తెర, ఎన్నిసార్లు ఆపి మళ్ళీ వేసినా అదే నీలం, దాని వెనక ఎక్కడో వ్యవసాయ కాలేజీ కుర్రాడు లూకా థీసిస్, రేపల్లె చౌడు పొలాల్లో మూడేళ్ళు తీసిన వరి కంకుల కొలతలు, రెండొందల పేజీలు, నా పక్కన స్టూలు మీద కూర్చుని అక్కా ఇక్కడ కామా, అక్కా ఈ పట్టిక పక్క పేజీకి, అంటూ తెర మీదే దిద్దించాడు, అంతా అయ్యాక ఒకేసారి సీడీ చేద్దాంలే అన్నది నేనే, సోమవారం అతను కాలేజీలో ఇవ్వాలి, ఇవాళ శనివారం.

మా బాపట్లలో చూసినతను రెండు నిమిషాల్లో ఫార్మాటేనండి, ఉన్నదంతా చెరిగిపోద్ది అనేశాడు, అందుకే పెట్టెను దుప్పట్లో చుట్టి పాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకుని తెనాలి తెచ్చాను, నిడుబ్రోలులో ఎక్కిన ముసలమ్మ పసిబిడ్డా అమ్మా అని అడిగినా నవ్వు రాలేదు, ఇక్కడ రిపేరు షాపు నాగూర్ బాషా అన్నయ్య స్క్రూడ్రైవర్ కూడా పట్టుకోలేదు, విండోస్ రాకముందే ఒక కీ నొక్కి సెట్టింగుల పేజీ తెరిచి, తారీఖు దగ్గర ఆగాడు, రెండు వేల ఆరు జనవరి ఒకటి, మొన్న మనం ఎనిమిదో సంవత్సరం దసరా చేసుకున్నాం కదమ్మా, బ్యాటరీ ఏమన్నా తీశారా, లేదండి అనేశాను, లూకాకి కూడా కరెంటు పోయి వచ్చిందనే చెప్పాను, అన్నయ్య డబ్బా మీది బొట్టు వంక ఒకసారి చూసి, మా ఆవిడ జానీ బీ కూడా నిరుడు రంజాన్‌కని కుట్టుమిషన్ విప్పి కడిగిందమ్మా, నెల్లాళ్ళు కుట్టలేదది, అని నవ్వాడు, తీశానన్నయ్యా, తుడిచాను కూడా, అన్నాను.

అదీ చెప్పండి మరి, బ్యాటరీ తీస్తే సెట్టింగులన్నీ మర్చిపోద్దమ్మా, హార్డ్ డిస్కుతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐకి మారిపోయింది, మీ విండోస్ ఎక్కించింది పాత పద్ధతి ఐడీఈలో, పాపం దానికి ఈ పద్ధతి తెలీదు, డిస్కు ఎదురుగానే ఉన్నా కనపడదు, అంటూ ఆ ఒక్క వరుసలో ఐడీఈ పెట్టి, తారీఖు సరిచేసి వదిలాడు, నేను కళ్ళు మూసుకున్నాను, చూడండమ్మా అంటే తెరిచాను, లూకా ఫైలు, చౌడు నేల పట్టిక, కామాలతో సహా, ఈయన చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది, ఫార్మాట్ అంటే తలూపేదాన్నే కదా, ఈయన అడిగాడు గనక మిగిలింది, చల్లగా ఉండాలి ఈయన, ఈయన ఇల్లు.

ముందు సీడీ చేస్తానుండండి అంటున్నాడు, ఇంతలో ఫోను, లూకా, బాగైందా అక్కా, కరెంటు వల్లేనా, ఊఁ అంటే సరిపోయేది, అన్నయ్య అటు తిరిగి విననట్టే ఉన్నాడు, కరెంటు కాదు లూకా, బ్యాటరీ నేనే తీశాను, నీకు అబద్ధం చెప్పాను, ఫైలుందా అన్నాడు, ఉంది, సీడీ కూడా చేస్తున్నారు, అయితే పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అక్కా, అని అడిగాడు, దాంతో ఏడుపు ఆగలేదు, తిట్టాల్సిన ఇద్దరూ తిట్టలేదు, నిన్నటి నుంచి నాకు ముద్ద దిగనివ్వనిది దాచిన ఈ ఒక్క మాటేనని ఇప్పుడు తెలుస్తోంది, చెప్పేశాను, విపరీతంగా ఆకలేస్తోంది.