మూట మూలన ముడి

ఆ పిల్లతల్లికి అన్నిటికంటే పెద్ద భయం, తాను చూపు తిప్పిన క్షణంలో పాప ఊపిరి ఆగిపోతుందేమోనని. అందుకే నాలుగు నెలల పాపను సహాయ సామగ్రి గోదాముకే తెచ్చుకుని, దుప్పటి పరిచిన అట్టపెట్టెలో తన కాళ్ళ దగ్గరే పడుకోబెట్టేది. మూటకు ఒక చీటీ రాయడం, వంగి చూడడం. మళ్ళీ చీటీ, మళ్ళీ వంగడం.

"వంగి వంగి నీకే నడుం పడిపోతుందే పిల్లా! దానికేం, గుండ్రాయిలా ఉంది," అంది ఎదురుగా మూట కడుతున్న పెద్దమ్మ.

పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గరే, మూటను మోకాలితో అదిమి, దారం పళ్ళతో తెంపి కడుతోంది. బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. మూట మూలన ఒక ముడి వేస్తే చంటిపిల్లల బట్టలు, రెండైతే బాలింతలవి, మూడైతే ముసలివాళ్ళవి.

"దారం దండగ," అని అధికారి విసుక్కునేవాడు.

"చదువులేనిదాని సంతకం అనుకోండి బాబూ," అని నవ్వేసేది.

ఏడో తరగతితో చదువాగిన పిల్లతల్లి మాత్రం ప్రతి మూటకూ ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ అంటించేది.

ఆ రోజు, భూకంపంలో నేలమట్టమైన దూరదేశం నుంచి ఒకావిడ వచ్చింది. పరాయి ప్రజలకు అండగా నిలిచినవాళ్ళకు తమ ప్రభుత్వమిచ్చే పతకం తెచ్చింది. అధికారి కాలరు సర్దుకుని ముందుకొచ్చాడు. ఆవిడ అతణ్ణి దాటి వెళ్ళి, మూట మూలన ముడి వేస్తున్న పెద్దమ్మ చేతులు పట్టుకుంది. వెంట వచ్చినాయన ఆవిడ మాటలు అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు.

"మీ చీటీలు మాలో ఎవరూ చదవలేకపోయారమ్మా. ముడులు మాత్రం అందరూ చదివారు. దుమ్ములో కళ్ళు తెరవలేనివాళ్ళు కూడా వేళ్ళతో తడిమి ఎవరి మూట వాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు మా దేశమంతా ఇలాగే కడుతున్నాం."

పిల్లతల్లి తన చేతిలోని చీటీ వంక, పెద్దమ్మ బొటనవేలి వంక చూసింది. సముద్రాల అవతల, పేరైనా తెలియని ఏ బాలింతో ఈ అరిగిన గోరు చెప్పిన మాట విన్నది!

ఆవిడ చేతిలో పెట్టిన పతకాన్ని పెద్దమ్మ అటూ ఇటూ తిప్పింది. "ఇంత బరువుంటే గుడ్డ చిరిగిపోదూ?" అంది. అందరూ ఘొల్లుమన్నారు.

"ఉండవే పిల్లా, కాస్త నడుం వాల్చొస్తా," అని దుప్పట్ల గుట్ట వైపు వెళ్ళింది.

లారీ వచ్చేలోగా పిల్లతల్లి పాపను పదిసార్లు వంగి చూసింది. గుట్ట వైపు ఒక్కసారీ చూడలేదు.

"పెద్దమ్మా, లే. బండి వచ్చింది." చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లబడి ఉంది.

పక్కన దుప్పటి మడతలో పతకం, ఎక్కడా గుచ్చకుండా, రిబ్బను చుట్టి భద్రంగా పెట్టి ఉంది. మీవాళ్ళెవరైనా కాస్త నడుం వాల్చొస్తామని లోపలికి వెళ్ళి ఉంటే, ఈ కథను పక్కన పెట్టి, ఒకసారి లేచి వెళ్ళి చూసి రండి.